పల్లేరుపాడు వడియాల లైబ్రరీ మాహాత్మ్యం

పూర్వం, పల్లేరుపాటికి బస్సు రోజుకొక్కటే వచ్చి, ఆ ఒక్కటీ ఎర్రవాగు అవతలి ఒడ్డునే జనాన్ని దింపేసి వెనక్కి మళ్ళిపోయే కాలంలో, శేషాచార్యులు గారనే పండితోత్తములు ఆ ఊరి హైస్కూల్లో తెలుగు పాఠం చెబుతూ, తాతతండ్రుల నుంచి సంక్రమించిన గ్రంథరాశిని ఇల్లంతా పేర్చుకుని, లోపల పడుకోవడానికి చోటు చాలక తాము వీధి అరుగు మీద పడుకుంటూ ఉండేవారు. ఊరి పెద్దలు దారిన పోతూ "ఇంట్లో పుస్తకాలకు మంచం వేసి మీరు బయట పడుకోవడమేంటి ఆచార్యులు గారూ" అని నవ్వితే, "అవి వయసులో నాకంటే పెద్దవి నాయనా" అని ఆయనా నవ్వేవారు. అటువంటి మహానుభావుడి సంకల్పం వల్లనే మా ఊరికి శ్రీ శారదా నిలయ గ్రంథాలయం వెలిసింది. వెలిసిందనే అంటాను, కట్టారని అనను. ముప్ఫై ఒక్క ఏళ్ళు అందులో పుస్తకాలిచ్చి పుచ్చుకున్న చేతులు నావి గనుక, ఈ కథ చెప్పేటప్పుడు నాకు కొంచెం పూనకం వస్తుంది. చదివేవారు ఓర్చుకోవాలి.

శారదా నిలయమన్న పేరు బోర్డు మీద ఉన్నదే గాని, ఊళ్ళో ఏ మనిషి నోటా ఆ పేరు రాదు. బస్టాండులో దిగి శారదా నిలయం ఎక్కడని అడిగితే తెల్లమొహం వేస్తారు. వడియాల లైబ్రరీ అని అడిగి చూడండి, పని మానుకుని వచ్చి మరీ గుమ్మం దాకా దిగబెడతారు. సరస్వతీదేవి కొలువున్న చోటికి వడియాల పేరేమిటని ముక్కు విరిచేవారికి ఈ వృత్తాంతం సవినయంగా నివేదిస్తున్నాను.

శేషాచార్యులు గారికి పుస్తకాలున్నాయి, పట్టుదల ఉంది, స్థలం లేదు. వాగుకు ఇటుపక్క, బజారుకు దగ్గరగా, చదునైన చోటొకటి బసివిరెడ్డి గారిది ఉండేది. బసివిరెడ్డి గారు పొగాకు పండించి, ఆకును బ్యారన్లో, అంటే నిప్పు రాజేసి ఆకు ఆరబెట్టే ఎత్తైన కొట్టంలో, కాల్చి పంపే మోతుబరి. ఆ చోట ఇంకొక బ్యారన్ కట్టాలని అప్పటికే రాళ్ళు తోలించి ఉన్నారు. ఆయన మాట కటువు, మనసు నిక్కచ్చి, ఇచ్చిన మాట తప్పడమన్నది ఆ వంశంలో ఎరగరు. ఆచార్యులు గారు వెళ్ళి అడగగా ఆయన చాలాసేపు చుట్ట కాలుస్తూ కూర్చుని, చివరకు ఇలా అన్నారు.

"ఆచార్లు గారూ, పై ఊళ్ళో ఇట్టాంటిదే ఒకటి కట్టారు. దండలేశారు, ఉపన్యాసాలిచ్చారు, తాళమేశారు. మొన్న నేను పోయి చూస్తే ఆ తాళానికి కందిరీగలు గూడు పెట్టున్నాయి. నా చోట్లో అట్టాంటి పని జరగనీను. స్థలం ఇస్తా. కాకపోతే ఒక కాయితం రాసుకుందాం."

ఆ కాగితం ఇప్పటికీ లైబ్రరీ బీరువాలో ఉన్నది. "ఏడు దినములు వరుసగా, అడిగిన మనిషికి అడిగిన పుస్తకము అరలోనుండి తీసి, చదువుకొనుటకు ఇవ్వలేని పక్షమున, ఏడవ దినము సూర్యాస్తమయముతో ఈ స్థలము కట్టడముతో సహా తిరిగి నాకు చెందును" అని అందులో ఉంటుంది. ఆచార్యులు గారు రెండోసారి చదవకుండా సంతకం చేశారు. ఏడు రోజులు పుస్తకం ఇవ్వని గ్రంథాలయం ఉంటుందని ఆయన ఊహకు అందలేదు పాపం.

ఇక కట్టడం సంగతి. ఆ ప్రాంతంలో రాతిపనికి పెట్టింది పేరు పోలయ్య మేస్త్రీ. మూడు గుళ్ళు కట్టిన చేయి అది. గ్రంథాలయం ఎట్లా ఉంటుందో ఆయన చూసి ఎరగడు, ఆ మాటకొస్తే ఆచార్యులు గారూ చూసి ఎరగరు. "సరస్వతి ఉండే చోటు గుడి గాక మరేమిటి పోలయ్యా, గుడిలాగే కట్టు" అన్నారు ఆచార్యులు గారు. పోలయ్యకు ప్రాణం లేచొచ్చింది. ముందు ఎనిమిది స్తంభాల ముఖమండపం, చదువుకునేవారు కూర్చోవడానికి. దాని వెనుక గర్భాలయం, గ్రంథాలు ఉండడానికి. ఆ లోపలి గదికి కిటికీ అన్నది లేదు, గర్భగుడికి కిటికీ ఎక్కడైనా ఉంటుందా. మోకాలెత్తు రాతి గడప, మూడు గోడలకూ ఐదేసి వరసల నాపరాతి అరలు, ఆ అరల్లో పుస్తకాలను నిలబెట్టకుండా తాళపత్రాల మాదిరి వెల్లకిలా పరుండబెట్టి పైన పసుపు బట్ట కప్పేవారు. గడప దాటి లోపలికి ఆచార్యులు గారొక్కరే వెళ్ళేవారు. సభ్యుడు మండపంలో నిలబడి కావలసిన పుస్తకం పేరు చెబితే, ఆయన లోపలికి వెళ్ళి తెచ్చి, తీర్థం పోసినంత జాగ్రత్తగా చేతిలో పెట్టేవారు.

కట్టడం సగంలో ఉండగా పోలయ్య వచ్చి, "అయ్యవారూ, సోమసూత్రం పెడతన్నా, ఉత్తరం గోడకే గదా?" అని అడిగాడు. సోమసూత్రమంటే గర్భగుడిలో అభిషేకం చేసిన నీళ్ళు బయటికి పోవడానికి గోడలో అమర్చే రాతి తూము. అది లేని గర్భగుడి పోలయ్య తన జన్మలో కట్టలేదు. అందుకే ఎవరూ చెప్పకుండానే, మొసలి నోరు తెరిచినట్టుగా ఒక చక్కని తూము చెక్కి కూడా పెట్టుకున్నాడు. ఆచార్యులు గారు పకపకా నవ్వి, "పుస్తకాలకు అభిషేకం చేస్తామటయ్యా, పిచ్చివాడా" అన్నారు. మండపంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పోలయ్య మొహం చిన్నబుచ్చుకుని, ఆ రాయిని ఉత్తరం గోడ పక్కన బయట పడేసి, గోడ మూసేశాడు. గుడి అంతా పెట్టి సోమసూత్రం ఒక్కటి మానేసిన ఆ పొరపాటు మా ఊరివాళ్ళే చేయగలరు.

ఆ రాయి వృథా పోలేదు. వడియాలు, అప్పడాలు అమ్ముకునే నాంచారమ్మ దాన్ని పీటగా చేసుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, భర్త పోయి చాలాకాలమైంది, బూడిదగుమ్మడి వడియాలు పెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవారు లేరు. నోరు మాత్రం గట్టిది. బేరమాడేవాళ్ళను "నీ మొహానికి ఉప్పు తక్కువ" అని పంపించేసేది. ఆమె వడియాలు కట్టి ఇవ్వడానికి తూకానికి కొన్న పాత కాగితాలుండేవి. అవి పత్రికలు కావచ్చు, అట్టలూడిన కథల పుస్తకాలు కావచ్చు. చిన్నప్పుడు నేర్చిన నాలుగక్షరాలను ఆ కాగితాల మీదనే సానబెట్టుకుని ఆమె చక్కగా చదవనేర్చింది. పొట్లం కట్టేముందు కాగితం చదవాలి, ఆ తర్వాతనే కట్టాలి. కొనడానికి వచ్చినవాళ్ళు "ఏందమ్మా, వడియాలిస్తావా, కాయితం చదువుతావా" అని విసుక్కునేవారు.

అయితే ఆమెకు ఒక దిగులుండేది. ఏ కథా ఆమెకు చివరి దాకా దొరకలేదు. నడుమ కాగితాలు ఉంటే మొదలు ఉండదు, మొదలుంటే తుద ఉండదు. ఇరవై ఏళ్ళలో ఎన్ని కథల్లోకి పోయిందో లెక్కలేదు గానీ, ఒక్కదాన్నుంచి కూడా బయటికి రాలేదు. వాటిలో ఒకటి మరీ వేధించింది. ఓడ మీద పనికి పోయిన రంగయ్య అనే సరంగు తుపానులో చిక్కి, ఏళ్ళ తరబడి ఏ దేశాలో తిరిగి, ఇంటి మొహం పట్టిన కథ అది. పదిహేడు కాగితాలు వరసగా దొరికాయి. పద్దెనిమిదో కాగితంలో గుప్పెడు వడియాలు కట్టి ఎవరికో ఇచ్చేసిందట, చదవకుండా, పండగ రద్దీలో. అది తెలిసిన రోజు ఆమె అన్నం తినలేదు. కొన్నవాళ్ళ ఇళ్ళకు పోయి అడిగింది కూడా. ఎవరింట్లోనో పొయ్యిలోకి పోయిందది.

గోడకు అటువైపే పదకొండు వందల పుస్తకాలుండగా లోపలికి పోయి అడగవచ్చు గదా అని మీరనవచ్చు. రావద్దని ఆమెను ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. ఆ మండపంలో అంతదాకా ఆడమనిషి కాలు పెట్టి ఎరగదు, పైగా అది గుడిలా ఉంది, లోపల పూజారిలా ఆచార్యులు గారు ఉన్నారు. మొసలినోటి రాయి మీద కూర్చుని, లోపల ఎవరైనా పైకి చదువుతుంటే గోడకు చెవి ఆనించి వినేది, అంతే.

ఇట్లా ఉండగా నాలుగో ఏట కార్తీకంలో, ఒక సోమవారం తెల్లవారుతూనే గాలివాన పట్టుకుంది. ఆదివారం సాయంత్రం దాకా పుస్తకాలిచ్చిన గ్రంథాలయం ఆ రోజు తెరవడానికి వీల్లేకపోయింది. మంగళవారం ఎర్రవాగు పొంగి బజారులోకి వచ్చింది, మోకాలెత్తు గడపను దాటి గర్భాలయంలోకి వచ్చింది. పై అరలు కప్పు కారి తడిశాయి, కింది అరలు మునిగి తడిశాయి. బుధవారం ఉదయానికి వాన వెలిసి, వాగు తగ్గి, బజారులో బురద తప్ప నీళ్ళు లేవు. కాని తలుపు తీసి చూస్తే గ్రంథాలయంలో నీళ్ళు గడప ఎత్తున నిలిచి ఉన్నాయి. వచ్చిన నీళ్ళకు పోయే దారి లేదు. ఊరంతా ఆరిపోతుంటే సరస్వతి ఒక్కతే నీళ్ళలో కూర్చుంది.

ఆచార్యులు గారు గడప మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. మూడు తరాల పుస్తకాలవి. పోలయ్య గునపం భుజాన వేసుకుని వచ్చేసరికి ఆయన చేతులెత్తి, "ఆ రోజు నవ్వాను గదా పోలయ్యా, నన్ను క్షమించు" అన్నారు. పోలయ్య, "ఏడవడానికి తర్వాత టైముంది, పక్కకు జరగండి అయ్యవారూ" అని ఉత్తరం గోడ దగ్గరికి పోయి, నాంచారమ్మ పీట ఉన్నచోట గునపంతో పొడిచాడు. పదిపన్నెండు పోట్లకు రాయి కదిలింది, బుడుంగుమని నీళ్ళు బయటికి దూకాయి. చూస్తున్న జనం కేకలు పెట్టారు. ఆ కన్నంలోనే, అదే గంటలో, నాలుగేళ్ళుగా బయట పడి ఉన్న మొసలినోటి తూమును పోలయ్య అమర్చాడు. నాంచారమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "నా పీట పాయె" అని మాత్రం అన్నది.

మిగిలింది నాలుగు రోజులు. ఆదివారం పొద్దు కుంకేలోపల, అడిగిన మనిషికి అడిగిన పుస్తకం ఇవ్వగలిగే స్థితికి లైబ్రరీ రావాలి. ఇళ్ళకు తీసుకుపోయిన పుస్తకాలు పద్దెనిమిది పొడిగా ఉన్నాయి, వాటిలో ఒకటి తిప్పి ఇచ్చేసి గండం గట్టెక్కుదామని ఒక సభ్యుడన్నాడు. ఆచార్యులు గారు ఒప్పుకోలేదు. "అడిగిన పుస్తకమని రాసి సంతకం చేశాను. ఉన్న పుస్తకమని రాయలేదు" అన్నారు. బసివిరెడ్డి గారు స్వయంగా వచ్చి చూసి, "నేనేం మీకు శత్రువును గాను, కావలిస్తే నా బ్యారన్ వాడుకోండి. కాయితం మటుకు కాయితమే" అని చెప్పి వెళ్ళారు.

మగవాళ్ళు పుస్తకాలు ఎండబెట్టడం మొదలుపెట్టారు. అదొక ముచ్చట. నలభై పుస్తకాలను బ్యారన్లో ఆకు కట్టే కర్రలకు వేలాడదీసి నిప్పు రాజేశారు. మర్నాటికి అవి ముదురు గోధుమరంగు తిరిగి, వీపులు పగిలి, పక్కా వర్జీనియా పొగాకు వాసనతో బయటికొచ్చాయి. వాటిలో నాలుగు ఇప్పటికీ అద్దాల బీరువాలో ఉన్నాయి, తెరిస్తే తుమ్ము రాక మానదు. ఇంకో రెండు వందలు హైస్కూలు రేకుల కప్పు మీద మిట్టమధ్యాహ్నం పరిచారు. గంటలో అట్టలు నాలుగు మూలలా పైకి లేచి అప్పడాల్లా ముడుచుకున్నాయి.

గురువారం మధ్యాహ్నం నాంచారమ్మ ఆ రేకుల కిందికి వచ్చి నిలబడి, పైనున్న పెద్దమనుషులను కేకేసింది. "ఏందయ్యా, మీరు ఎండబెడతన్నారా, వేయిస్తన్నారా? దిగండి, దిగండి. మీ ఇళ్ళల్లో ఆడోళ్ళను పంపండి."

పంపక ఏం చేస్తారు. ఆ సాయంత్రానికి ఊరి ఆడవాళ్ళంతా డాబాల మీద ఉన్నారు. ఒక్కో వీధికి ఒక్కో గోడ అరలు అప్పగించింది నాంచారమ్మ, కలిసిపోకుండా వీధికొక రంగు చీర పరిపించింది. తడి పుస్తకాన్ని ఎవరూ తెరవకూడదు, ఆకులు చిరుగుతాయి. నీడన గాలికి సగం ఆరాలి, ఆ తర్వాత ఏటవాలు ఎండలో తక్కిన సగం. పొద్దున పది దాకా, మళ్ళీ మూడింటి తర్వాత. నడుమ నడిమింటి ఎండ తగలకూడదు. గంటకోసారి తిరగెయ్యాలి. వడియాలకు కాకులు రాకుండా కాపలా పెట్టినట్టే నల్లగొడుగులు తెరిచి నిలబెట్టారు గాని, ఒక్క కాకీ రాలేదు. శాస్త్రగ్రంథాల మీద కాకికి కూడా ఆసక్తి లేదే అని ఆచార్యులు గారు నొచ్చుకున్నారట. డాబా నుంచి డాబాకు ఒకటే కేకలు, నవ్వులు, పందేలు. ఏ వీధి పుస్తకాలు ముందు ఆరతాయోనని ఊరు ఊరంతా తిరనాళ్ళ ఊపులో ఉంది. ఎండేదాకా ఎవరూ చదవకూడదని ఆజ్ఞాపించిన నాంచారమ్మ తానూ ఒక్క పుస్తకమైనా తెరవలేదు. పక్కన కూర్చుని, కంటి ముందున్న పదకొండు వందల కథలను మూసిపెట్టే తిరగేసింది. ఆ నిగ్రహం మునులకు ఉంటే ఉండాలి.

ఆదివారం మూడు గంటలకు చివరి పుస్తకం దిగింది. అరలు తుడిచి, పుస్తకాలన్నీ యథాస్థానంలో పెట్టారు. శేషాచార్యులు గారు ఒక్కొక్కదాని మొదటి పేజీ తెరిచి చూసి, ప్రార్థనాశ్లోకం చెరగకుండా ఉందని కళ్ళకద్దుకుంటూ అరలోకి చేర్చారు. బాగుంది, బాగుంది అంటూనే ఉన్నారు. చివరి పేజీ చూడాలని ఆయనకు తోచలేదు. జనమంతా మండపం ముందు మూగి ఉండగా, నాలుగున్నర వేళ బసివిరెడ్డి గారు బ్యారన్ కట్టే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, కాగితం మడత విప్పి స్తంభం పక్కన నిలబడ్డారు.

"మీ సభ్యులెవరూ అడగొద్దు. ఏ పుస్తకం బాగుందో మీలో మీకు తెలుసు" అన్నారాయన. జనాన్నంతా కలియజూసి, చూపు నాంచారమ్మ మీద నిలిపి, "ఇదుగో ఈమె అడగాలి. ఊరందరికీ ఎండబెట్టింది గదా, తనకేం కావాలో అడగనీండి" అన్నారు. ఆమెకు చదువు రాదని ఆయన అనుకున్నారో, వచ్చని తెలిసే అన్నారో, ఇప్పటికీ మా ఊళ్ళో రెండు వాదాలున్నాయి.

నాంచారమ్మ అంత నోరున్న మనిషి ఆ క్షణాన బిగుసుకుపోయింది. కొంగు నలిపింది. ఆ తర్వాత మెల్లగా అన్నది: "ఆ పుస్తకం పేరు నాకు తెలవదయ్యగారూ. నాకు అట్టలేని కాయితాలే దొరికినయ్. ఓడ సరంగు రంగయ్య ఇంటికి తిరిగొచ్చాడో లేదో చెప్పే పుస్తకం."

శేషాచార్యులు గారి మొహం వెలిగిపోయింది. ఆయనకు తెలియని పుస్తకమా. గడప దాటి, పడమటి గోడ, కిందినుంచి రెండో అర, చేయి పెట్టగానే దొరికింది. తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. చప్పట్లు మొదలయ్యాయి. నాంచారమ్మ మాత్రం, తల్లి బిడ్డ మొహం చూసినట్టు చూసుకుని, అందరిలా మొదటి పేజీ తెరవకుండా తిన్నగా చివరి పేజీకి పోయింది. చప్పట్లు ఆగిపోయాయి, ఎందుకంటే ఆమె చేయి ఆగిపోయింది.

చివరి పేజీ లేదు. ఉండడం ఉంది గాని, వెనుక అట్టకు అతుక్కుపోయి ఉంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో పుస్తకాలకు మందపాటి ఖద్దరు గుడ్డనే మైదా జిగురుతో అట్టగా వేసేవారు. వెల్లకిలా పరుండబెట్టిన పుస్తకంలో చివరి పేజీ అడుగున ఉంటుంది. ఆ అడుగునే నీళ్ళు నిలిచి, జిగురు కరిగి, ఆరేసరికి ఆఖరి పేజీని అట్ట మింగేసింది. ఆచార్యులు గారు కంగారుగా లోపలికి పోయి ఇంకో పుస్తకం తీశారు, అదీ అంతే. ఇంకోటి, అదీ అంతే. గౌరవమని పరుండబెట్టిన ప్రతి పుస్తకానికీ అదే గతి పట్టింది. ఒక సభ్యుడు ఆదుర్దాలో ఇంకొక పుస్తకం చివరి పేజీని గోరుతో లాగాడు, సగం చిరిగి చేతికొచ్చింది. ఆచార్యులు గారు అతని చేయి పట్టుకుని ఆపారు.

బసివిరెడ్డి గారు పడమటికి చూశారు. పొద్దు వాగు గట్టున ఉన్న తుమ్మచెట్ల మీదికి దిగింది. "కథకు చివర లేకపోతే అది చదువుకోను ఇచ్చినట్టు కాదు ఆచార్లు గారూ" అన్నారు, మెత్తగానే. ఆచార్యులు గారు అవునని తల ఊపారు. ఇల్లు ఖాళీ చేసి అప్పగించేటప్పుడు తాళంచెవి తీసినట్టు ఆయన చేయి నడుముకున్న గర్భాలయం తాళంచెవి మీదికి పోవడం అందరూ చూశారు.

అప్పుడు నాంచారమ్మ, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి వెనుక గుడ్డను వేలితో తడిమి, "చెంబుతో నీళ్ళు తెండి" అన్నది.

"నీళ్ళా" అన్నారు ఆచార్యులు గారు, ప్రాణాలు పోయినట్టు. "మళ్ళీ నీళ్ళేంటమ్మా?"

"గుడ్డకు పట్టిన వడియం లాగితే రాదయ్యగారూ, విరుగుద్ది. గుడ్డ వెనకమాల తడి చెయ్యాల. అప్పుడు అదే ఊడొస్తది. ఇదీ పిండే, అదీ పిండే. పొద్దు ఇంకా ఉంది, కూర్చోండి."

మండపం మెట్టు మీద, సభ్యుల నడుమన, ఆమె కూర్చుంది. పుస్తకాన్ని ఒడిలో బోర్లా పెట్టుకుని, వెనుక గుడ్డ మీద వేళ్ళతో నీళ్ళు చిలకరించింది. చాలా తక్కువ నీళ్ళు, వడియాల గుడ్డకు చిలకరించినన్నే. "పావుగంట నానాల" అన్నది. ఆ పావుగంట పల్లేరుపాటిలో ఎవరూ ఊపిరి పీల్చలేదని మా పెద్దలు చెప్పేవారు. అది అతిశయోక్తే గాని, నేనైతే నమ్ముతాను. పొద్దు తుమ్మచెట్ల వెనక్కి పోతోంది. పోలయ్య స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. బసివిరెడ్డి గారి చుట్ట ఎప్పుడు ఆరిపోయిందో ఆయనకే తెలియదు.

నాంచారమ్మ చూపుడువేలి కొస గుడ్డకూ కాగితానికీ నడుమన పెట్టింది. లాగలేదు. గుడ్డనే మెల్లగా వెనక్కి వంచింది. అరచేతిలోకి వడియం రాలి పడినట్టు, చివరి పేజీ చిరగకుండా, మరక లేకుండా, అట్టను వదిలి వచ్చేసింది.

బసివిరెడ్డి గారు కాగితాన్ని మడిచి, జేబులో పెట్టబోయి, ఆగి, ఆచార్యులు గారి చేతికే ఇచ్చేశారు. "స్థలం సంగతి అయిపోయింది. ఆ రంగయ్య ఇల్లు చేరాడా లేదా, ముందది చదువమ్మా" అన్నారు. నాంచారమ్మ చదివింది. ఒక్కచోటా తడబడలేదు. రంగయ్య పన్నెండేళ్ళకు తన ఊరి రేవులో దిగి, ఎవరూ గుర్తుపట్టక, సందు సందూ తిరిగి, చివరకు తన వాకిలి ముందు నిలబడతాడు. లోపల మనుషులున్నారో లేరో, ఉంటే తనను రానిస్తారో లేదో తెలియదు. పుస్తకంలో ఆఖరి వాక్యం ఇది: "తలుపు తీసే ఉంది."

అది చదివి నాంచారమ్మ పుస్తకం మూసి గుండెలకు హత్తుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె బయటికొచ్చిన మొదటి కథ అది. పొద్దు అప్పుడు కుంకింది.

శేషాచార్యులు గారు రిజిస్టరులో ఆమె పేరు రాసి, పెన్ను ఆమెకే ఇచ్చి సంతకం పెట్టించారు. ఆ తర్వాత ఆయన నడుముకున్న తాళంచెవి తీసి పోలయ్యకిచ్చి, "ఈ గడప కొట్టెయ్యి పోలయ్యా. ఎవరి పుస్తకం వాళ్ళే లోపలికి పోయి తీసుకుంటారు" అన్నారు. మర్నాటి నుంచి ఊరి ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి, మండపంలో చెంబులు పెట్టుకుని, పదకొండు వందల చివరి పేజీలనూ నెల రోజుల్లో విడదీశారు. మండపంలో కాలుపెట్టిన ఆడవాళ్ళు మళ్ళీ బయటికి పోలేదు. వడియాల లైబ్రరీ అన్న పేరు ఆ నెలలోనే పుట్టింది.

పల్లేరుపాటికి ఇప్పుడు వెళ్ళినా ఇవన్నీ కళ్ళారా చూడవచ్చు. ఉత్తరం గోడకు మొసలినోటి సోమసూత్రం ఉన్నది, సోమసూత్రమున్న గ్రంథాలయం నేనైతే ఇంకొకటి చూడలేదు. మోకాలెత్తు గడప ఉన్నచోట చదునుగా అరిగిన రాయి ఉన్నది, గర్భాలయానికి పోలయ్య తర్వాత తెరిచిన ఆరు కిటికీలున్నాయి, పుస్తకాలు అరల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి. ప్రతి ఏటా కార్తీకంలో ఒక ఆదివారం పుస్తకాలన్నీ డాబాలెక్కుతాయి, వీధికొక రంగు చీర మీద, నల్లగొడుగుల కాపలాతో. సాయంత్రం అవన్నీ దిగాక, అంతదాకా లైబ్రరీకి రాని ఒక మనిషిని పిలిచి ఏ పుస్తకం కావాలో అడుగుతారు. ఇచ్చేముందు లైబ్రేరియన్ చివరి పేజీ తెరిచి, హారతి చూపినట్టు ఆ మనిషికి చూపించి, "చివరి దాకా ఉంది, చూసుకోండి" అనాలి. ముప్ఫై ఒక్కసార్లు ఆ మాట నేనన్నాను.

బోర్డు మీద శారదా నిలయమని ఉంటుందని చెప్పాను గదా. దాని కింద, ద్వారబంధం పైరాతి మీద, పోలయ్య తన చేత్తో చెక్కిన అక్షరాలున్నాయి. వచ్చేవారు ముందు చదివేది వాటినే. అందులో ఊరి పేరు లేదు, దాత పేరు లేదు, సంవత్సరం లేదు. తలుపు తీసే ఉంది, అని మాత్రం ఉంటుంది.